కోత కచ్చితం, వైద్యం వాయిదా

జగ్గయ్యపేట ధనబోడు తెలుసు కదా? బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ. అక్కడ దొరికిన ఒక రాతి పలక మీద చక్రవర్తి నిలబడి ఉంటాడు. మాంధాత అంటారు. ఆయన చెయ్యెత్తుతాడు. మబ్బుల్లోంచి నాణేలు కురుస్తాయి. చదరపు నాణేలు, జలజలా. రెండు వేల ఏళ్ల కిందటి శిల్పం. ఇప్పుడెక్కడుంది? మా ఊళ్లో లేదు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

అంటే ఏమైనట్టు? జగ్గయ్యపేటలో మొట్టమొదటి రిఫరల్ కేసు సాక్షాత్తూ మాంధాత చక్రవర్తే. ‘ఇక్కడ సౌకర్యాలు లేవు, మద్రాసు తీసుకుపోండి’ అని ఎవరో చీటీ రాసే ఉంటారు. పోయినవాడు పోయినట్టే. తిరిగొచ్చింది లేదు.

అప్పట్నుంచీ ఈ మెట్టలో అదే ఆనవాయితీ. రాయి అయినా రిఫరే, రోగి అయినా రిఫరే.

ఇప్పుడు మళ్లీ ఆకాశం మబ్బేసింది. ఢిల్లీ వైపు నుంచి ఉరుములు. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు ఒక్కసారిగా అమల్లోకి వచ్చాయి. అందులో సామాజిక భద్రత కోడ్ ఒకటి. పార్లమెంటు దాన్ని ఆమోదించింది ఎప్పుడు? 2020 సెప్టెంబరులో. కరోనా మంచి ఊపు మీదున్నప్పుడు. జనానికి వైద్యం అత్యవసరమని అందరికీ తెలిసొచ్చిన ఏడాదిలో ఆమోదించి, అయిదేళ్లు అటక మీద పెట్టి, తర్వాత తీరిగ్గా దుమ్ము దులిపారు. ఆలస్యం అమృతం విషం అన్నది పాత మాట. ఆలస్యమే అమృతం అన్నది కొత్త పాలసీ.

ఏం కురుస్తుందట? దేశమంతా ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా. ప్రమాదకరమైన పని అని సర్కారు నోటిఫై చేస్తే ఒక్క కార్మికుడున్నా ఈఎస్ఐ. డెలివరీ కుర్రాళ్లకూ భద్రత. నలభై దాటిన కార్మికుడికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష. చదువుతుంటేనే సగం జబ్బు నయమైపోతుంది. మిగతా సగానికే కదా అసలు తంటా!

ఒక కాగితం చూద్దాం

మా పిన్ని కొడుకు సిమెంటు ప్యాకింగ్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. ఏ కంపెనీ అని అడక్కండి. జగ్గయ్యపేట చుట్టూ చిమ్నీలకు కొదవా? ఏ పొగ చూసి అనుకున్నా ఒకటే. వాడి జీతం చీటీ నా చేతిలో ఉంది. నాలుగు మడతలు పడి, మూలలు నలిగి, సిమెంటు దుమ్ముతో బూడిద రంగుకు తిరిగిన చీటీ. జీతం 16,000. కింద ఒక వరస: ఈఎస్ఐ, 120.

ఇదీ లెక్క. కార్మికుడి వాటా 0.75 శాతం. యజమాని వాటా 3.25 శాతం. వాడి నుంచి 120, యజమాని నుంచి 520. వెరసి నెలకు 640. ఏడాదికి 7,680. ఈ 120 రూపాయల కోత ఏనాడైనా తప్పిందా? లాక్‌డౌన్ తర్వాత గేటు తెరిచిన నెలలో కోశారు. కాంట్రాక్టర్ మారిన నెలలో కోశారు. కూతురికి జ్వరమొచ్చి నాలుగు రోజులు నాగా పెడితే, మిగిలిన రోజుల జీతంలో పైసలతో సహా లెక్కగట్టి మరీ కోశారు. ఈ దేశంలో ఇంత కచ్చితంగా పనిచేసే యంత్రం ఇంకొకటి చూపించండి. మా రైళ్లకు ఈ క్రమశిక్షణ ఉంటే గడియారాలు వాటిని చూసి సరిచేసుకునేవాళ్లం.

మరి వైద్యం? దానికి మాత్రం గడియారం లేదు. క్యాలెండరుంది.

2019 జులై 1న కేంద్రం ఈ వాటాలను తగ్గించింది. అంతకు ముందు మొత్తం 6.5 శాతం ఉండేది. దాన్ని నాలుగుకు దించారు. యజమానికి ఒకటిన్నర శాతం మిగిలింది. కార్మికుడికి ఒక్క శాతం. అబ్బో, ఏం పంపకం! మా వాడి జీతం మీద చూస్తే యజమానికి నెలకు 240 లాభం, వాడికి 160. సంచి మోసినవాడికంటే మోయించినవాడికి ఎక్కువ. దీన్ని కార్మికులకు ఊరట అన్నారు. ఊరటే. ఎవరికో మాత్రం పెద్దక్షరాల్లో రాయలేదు.

ఆసుపత్రిలో మందుల్లేవని గోల పెడుతుంటే, మందులు పెంచడం మాని చందా తగ్గించడమేమిటి? హోటల్లో కూర పాచిపోయిందని చెప్తే ‘బిల్లులో పది రూపాయలు తగ్గిస్తాం, తినేయండి’ అన్నట్టు లేదూ?

ఎనభై కిలోమీటర్ల బీమా

వాడికి దగ్గు మొదలై ఏడాదైంది. పొద్దున లేస్తే అరగంట. ఒక డిస్పెన్సరీకి పోయాడు. అది ఎక్కడిదన్నది వదిలేయండి. నేను వెంట ఉన్నాను. గోడకు పథకాల బోర్డు. రంగు కొత్తది. బోర్డు కింద బల్ల. బల్లకు మూడే కాళ్లు. నాలుగో కాలు చోట ఇటుకలు. కిటికీకి అరచెయ్యి పట్టేంత సందు. మా వాడు అందులోకి చెయ్యి పెట్టాడు.

‘దగ్గు మందు అయిపోయింది. ఇన్‌హేలరు రాలేదు. బయట కొనుక్కో.’

‘డబ్బులు మళ్లీ ఇస్తారాండీ?’

‘బిల్లు పెట్టుకో. శాంక్షన్ అయితే వస్తాయి.’

‘ఎప్పటికవుద్దండీ?’

లోపలి మనిషి మొహంలో చిరాకు లేదు. జాలే ఉంది. పాపం, ఆయన మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చిస్తాడు? చేతిలో ఒక చీటీ పెట్టాడు. ‘పెద్దాసుపత్రికి రిఫర్ చేశా. విజయవాడ పో’ అన్నాడు.

పెద్దాసుపత్రి అంటే గుణదల ఈఎస్ఐ. జగ్గయ్యపేట నుంచి విజయవాడ ఎనభై కిలోమీటర్లు. మధ్యలో చిల్లకల్లు దగ్గర ఒక టోల్‌గేటు, నందిగామ దాటాక కీసర దగ్గర ఇంకోటి. ఊపిరాడని మనిషికి రెండు సుంకాలు. పొద్దున్నే బస్సెక్కాలి. బస్టాండులో దిగి ఆటో పట్టాలి. ఓపీ చీటీకి వరసలో నిలబడాలి. ఆ రోజు కూలి పోయినట్టే. తోడొచ్చిన భార్య కూలీ పోయినట్టే. టికెట్లు, ఆటో, టిఫిను, సాయంత్రం టీ, తిరుగు టికెట్లు. ఉచిత వైద్యం కోసం ఎంతవుతుందో మా వాడు బస్సు సీటు వెనక వేలితో లెక్కేశాడు. నాలుగు నెలల ఈఎస్ఐ కోత ఒక్క పూటలో దారి ఖర్చుకే సరి.

2022 ఏప్రిల్ 4న మాది కృష్ణా జిల్లా కాకుండా పోయింది. ఎన్టీఆర్ జిల్లా అయింది. బోర్డులు మారాయి. రబ్బరు స్టాంపులు మారాయి. పరిపాలన ప్రజల ముంగిట్లోకి వచ్చేసిందన్నారు. ముంగిట్లోకి వచ్చింది నిజమే. ఇన్‌హేలరే ఇంకా ఇంట్లోకి రాలేదు. జిల్లా పేరు మారితే ఎనభై కిలోమీటర్లు ఎన్నవుతాయి? ఎనభయ్యే.

2024 జులై 7 గుర్తుందా? బూదవాడ సిమెంటు ఫ్యాక్టరీలో పేలుడు. ఈ ఊళ్లవాళ్లు, ఉత్తరాది నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు ఒకేచోట కాలారు. చావులూ చూశాం. కాలిన ఒళ్లతో ఆ హైవే మీద విజయవాడ దాకా పరుగు. నాయకులొచ్చారు. పరిహారం బేరాలు నడిచాయి. మంచిదే. మరి ఇన్ని చిమ్నీలు లేచిన చోట కాలిన గాయాలకు నాలుగు మంచాల వార్డు ఎందుకు లేవలేదని ఎవరైనా అడిగారా? సున్నపురాయి నిక్షేపాలు ఎక్కడున్నాయో ఉపగ్రహంతో కనిపెట్టగలం. దాన్ని తవ్వే మనిషి ఎక్కడ పడిపోతాడో కనిపెట్టలేమా?

పదో మనిషి ఎక్కడ?

చట్టం ఏమంటుంది? పది మంది పనిచేస్తే ఈఎస్ఐ తప్పనిసరి. పదికి తగ్గితే యజమానీ, మెజారిటీ పనివాళ్లూ ఒప్పుకుంటేనే. నందిగామ బజారులో కాస్త పెద్ద దుకాణం ఏదైనా తీసుకోండి. గల్లాపెట్టె దగ్గర ఒకరు. కౌంటర్లలో ఆరుగురు. గోడౌన్లో నలుగురు. డెలివరీకి ఇద్దరు. మీ లెక్క పదమూడు. రిజిస్టరు లెక్క తొమ్మిది.

‘ఆయనెవరండీ?’

‘మా బామ్మర్దండీ. ఊరికే చూసిపోదామని వచ్చాడు.’

‘ఎప్పుడొచ్చాడు?’

‘ఆరేళ్లయింది.’

‘మరి ఆ మూలనున్నాయన?’

‘బామ్మర్ది కోసం వచ్చాడు.’

ఈ దేశంలో బామ్మర్దులకున్నంత పని ఇంకెవరికీ లేదు. ఒక్క పీఎఫ్ లేదు, ఒక్క ఈఎస్ఐ లేదు. బస్తాలు మాత్రం మోస్తూనే ఉంటారు. ఎంత ఆప్యాయత!

ఇలాంటి దుకాణదారుల కోసం ఈఎస్ఐ కార్పొరేషన్ 2025 జులై 1న ఒక ప్రత్యేక నమోదు పథకం తెచ్చింది. ఇప్పుడు పేరు రాయించుకోండి, మీరు చెప్పిన తేదీ నుంచే లెక్క, పాత రికార్డులు అడగం, పాత బకాయిలు అడగం అంది. దొంగ తనంతట తానే స్టేషనుకొస్తే టీ ఇచ్చి పంపినట్టు. సరే, అలాగైనా నమోదు పెరుగుతుందంటే మనకెందుకు ఏడుపు? ఒక్క ప్రశ్న. యజమానికి గతం మాఫీ. మరి ఆరేళ్లుగా బామ్మర్దిగా బతికిన ఆ మనిషి నడుములో పేరుకున్న గతాన్ని, ఊపిరితిత్తుల్లో పేరుకున్న గతాన్ని ఎవరు మాఫీ చేస్తారు? వాటికో పథకం ఉందా?

కొత్త కోడ్‌లో ఇంకో ముచ్చట. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు ఇక ఉత్త ఇన్‌స్పెక్టరు కాడు. ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. అంటే తప్పు పట్టుకోవడంతోపాటు సలహాలూ ఇస్తాడు. పిల్లి ఇక పిల్లి కమ్ పాలేరు. పాలకుండకు మూత ఎలా పెట్టాలో ఎలుకలకు అదే నేర్పుతుంది. ఏ దుకాణానికి ఎవరు వెళ్లాలో కంప్యూటరే యాదృచ్ఛికంగా తీస్తుందట. కంప్యూటరుకు బామ్మర్ది కనిపిస్తాడా?

నీలిమందు చట్టం

ఇప్పుడు నవ్వాగని సంగతొకటి. నందిగామ మెట్టలో పత్తి పండుతుంది. పత్తి ఉంటే జిన్నింగు మిల్లులుంటాయి. సీజన్లో రాత్రింబవళ్లు తిరుగుతాయి. లోపలికెళ్లి పది నిమిషాలు నిలబడి చూడండి. కనురెప్పల మీద, ముక్కు లోపల, గొంతులో తెల్లటి నుసి. అక్కడ పనిచేసే ఆడవాళ్లు చీర కొంగు ముక్కుకు చుట్టుకుంటారు. ఆ కొంగే వాళ్ల మాస్కు. ఆ కొంగే వాళ్ల పారిశ్రామిక భద్రత. ఆ కొంగే వాళ్ల బీమా.

ఎందుకంటే కేవలం పత్తి జిన్నింగు చేసే మిల్లు చట్టం దృష్టిలో ‘సీజనల్ ఫ్యాక్టరీ’. సీజనల్ ఫ్యాక్టరీకి ఈఎస్ఐ వర్తించదు. ఈ జాబితాలో ఇంకా ఏమేమున్నాయో తెలుసా? వేరుశనగ గింజలు ఒలవడం, లక్క, కాఫీ, టీ, రబ్బరు, చక్కెర... నీలిమందు. అవును, నీలిమందు. తెల్లదొరల కాలం సరుకు. నందిగామలో నీలిమందు మిల్లు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. 1948 నాటి చట్టాన్ని తిరగరాస్తున్నాం, ఇరవై ఒకటో శతాబ్దానికి కొత్త కోడ్ ఇస్తున్నాం అని జబ్బలు చరుచుకున్న పెద్దలు, నీలిమందును భద్రంగా కొత్త కోడ్‌లోకి మోసుకొచ్చారు. మోసుకురానిది జిన్నింగు కూలీని మాత్రమే.

ఆగండి, అసలు కొసరు ముందుంది. పత్తి నుసితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు బిస్సినోసిస్ అని పేరు. వృత్తి వ్యాధుల జాబితాలో అది ఉంది. ఎక్కడి జాబితాలో? అదే చట్టంలో. అదే కోడ్‌లో. అంటే జబ్బుకు చట్టంలో చోటుంది. ఆ నుసి మింగే ఆడమనిషికి ఈఎస్ఐ గుమ్మం దగ్గరే ఆపు. నూలు మిల్లులో దగ్గితే వృత్తి వ్యాధి. జిన్నింగు మిల్లులో దగ్గితే చలిగాలి.

సిమెంటు సంగతీ ఇంతే. పాత చట్టంలో గని అంటే ఫ్యాక్టరీ కాదు. సున్నపురాయి క్వారీలో ఉన్నంతసేపు దాని దుమ్ము ఈఎస్ఐ పరిధిలోకి వచ్చేది కాదు. అదే రాయి బెల్టు ఎక్కి మిల్లులో పడ్డాక దాని దుమ్ముకు బీమా వచ్చేది. ఈ తేడా ఊపిరితిత్తులకు ఎవరు నేర్పాలి? కొత్త కోడ్ సంస్థ నిర్వచనంలోకి గనిని తెచ్చింది. డెబ్బై ఏడేళ్లకు రాయి రాయేనని తేలింది. సంతోషం.

21,001 రూపాయల కోటీశ్వరుడు

ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000. ఈ గీత ఎప్పుడు గీశారు? 2017 జనవరి 1న. అప్పట్నుంచి కందిపప్పు ధర కదిలింది. గ్యాసు బండ ధర కదిలింది. ఆసుపత్రి గది అద్దె గాల్లోకి లేచింది. ఈ గీత మాత్రం సుస్థిర ప్రభుత్వంలా కూర్చుంది. పెంచుతాం, పరిశీలిస్తున్నాం అని ఏటా వార్త వస్తుంది. ఏటా పోతుంది.

యజమాని దయతలిచి జీతం 21,001 చేశాడనుకోండి. ఆ అర్ధ సంవత్సరం చందా కాలం ముగియగానే కార్మికుడు ఈఎస్ఐ బయట. ఒక్క రూపాయి పెరిగి కుటుంబమంతటి వైద్యం పోయింది. జీతం పెరిగిందని ఇంట్లో పాయసం చేసుకోవాలా, శోకాలు పెట్టాలా?

బయటపడ్డవాడికి ఏముంది? యజమాని మనసు. గ్రూపు ఇన్సూరెన్సు తీస్తే తీస్తాడు, లేకపోతే లేదు. అది ఆయన ఔదార్యం. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ లాక్‌డౌన్ మార్గదర్శకాల్లో ఒక మాట రాసింది. పనులు మొదలుపెట్టే సంస్థలు కార్మికులకు వైద్య బీమా తప్పనిసరిగా చేయించాలని. ‘తప్పనిసరి’ అని అంత స్పష్టంగా రాసిన మాట, లాక్‌డౌన్ పోగానే ఎటు పోయింది? మాస్కుతోపాటు చెత్తబుట్టలోకా?

2025 సెప్టెంబరు 22 నుంచి ఆరోగ్య బీమా మీద జీఎస్టీ ఎత్తేశారు. దీపావళి కానుక అన్నారు. మా వీధిలో లడ్డూలు కూడా పంచారు. తర్వాత సన్నక్షరాలు చదివారు. ఎత్తేసింది వ్యక్తిగత పాలసీల మీద. యజమాని తన పనివాళ్లందరికీ కలిపి తీసే గ్రూపు పాలసీ మీద 18 శాతం అలాగే ఉంది. ఒంటరిగా కొనుక్కుంటే సున్నా. పదిమందికీ కలిపి ఒకాయన కొనిపెడితే పద్దెనిమిది. ఐకమత్యమే మహాబలం అని బడిలో చదివాం. ఇక్కడ ఐకమత్యానికి పన్ను.

పోనీ గ్రూపు పాలసీ ఉందనుకుందాం. నాకుండేది. ఒకసారి వాడుకున్నాను కూడా. అది ఏ ఆసుపత్రి, ఏ కంపెనీ అన్నది ఇక్కడ అప్రస్తుతం. డాక్టరు ఉదయం పదింటికి ‘ఇంటికెళ్లిపోవచ్చు’ అన్నాడు. చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం తెచ్చారు. సాయంత్రం టీ తెచ్చారు. పక్క మంచం రోగి మారిపోయాడు. రాత్రి ఎనిమిదింటికి కౌంటరు అమ్మాయి నవ్వుతూ చెప్పింది. ‘అప్రూవల్ వచ్చింది సార్. గది అద్దె పరిమితి దాటారు కాబట్టి మిగతా ఖర్చుల్లోనూ దామాషా ప్రకారం కోత పడింది.’ కోత! ఈఎస్ఐలో ఉన్నా కోతే, బయటున్నా కోతే. ఆపరేషన్ థియేటరులో కంటే బిల్లింగు కౌంటరులోనే కత్తి పదును.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఏం రాసింది? నగదు రహిత వైద్యానికి అనుమతి గంటలో ఇవ్వాలి. డిశ్చార్జికి తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే ఆసుపత్రి అదనంగా వేసేది బీమా కంపెనీయే భరించాలి. ముత్యాల్లాంటి అక్షరాలు. చదివిన ప్రతి రోగికీ కళ్లు చెమరుస్తాయి. మంచం మీద చొక్కా వేసుకుని కూర్చున్నవాడికి ఇంకాస్త ఎక్కువ.

పంతుళ్లూ మినహాయింపు కాదు

పంతుళ్లూ, మిగతా సర్కారీ ఉద్యోగుల గతి మెరుగనుకుంటున్నారా? వాళ్లకు హెల్త్ కార్డుంది. 2013లో మొదలైనప్పుడు స్థాయిని బట్టి నెలకు 90, 120 రూపాయలు కోసేవారు. తర్వాత అది 225, 300 అయింది. కోత పెరగడంలో ఆలస్యం ఉందా? లేదు. ఆ పథకాన్ని నడిపే ట్రస్టే ఎన్టీఆర్ వైద్య సేవనూ నడుపుతుంది. 2025 అక్టోబరులో బకాయిలు ఇవ్వలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆ సేవలు ఆపేశాయి. ఏ పార్టీ గద్దె మీదున్నా ఈ నాటకంలో అంకాలు మారవు. ముందు బకాయి. తర్వాత నోటీసు. తర్వాత సేవలు బంద్. తర్వాత చర్చలు సఫలం. మళ్లీ బకాయి. పథకానికి తండ్రి పేరు మాత్రం ప్రతి అయిదేళ్లకూ మారుతుంది. పాపం పిల్లకు ఆకలి మారదు.

ఏడు వాటాలు, ఒక వాటా

మందులెందుకు లేవు? ఈ ప్రశ్న అడిగితే చూడండి తమాషా. ఈఎస్ఐ వైద్యం ఖర్చులో పరిమితి మేరకు కార్పొరేషన్ ఏడు వాటాలు, రాష్ట్రం ఒక వాటా పెట్టుకోవాలి. రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం నిధులివ్వలేదంటుంది. కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం ఇచ్చిన నిధులు వాడలేదంటుంది. ఖర్చులో ఏడు, ఒకటి. నెపంలో మాత్రం చెరి సగం.

వాడినప్పుడేమైంది? 2019 సెప్టెంబరులో తెలంగాణలో మందుల కొనుగోళ్ల కేసులో బీమా వైద్య సేవల డైరెక్టరునే ఏసీబీ అరెస్టు చేసింది. ఇటు 2020 జూన్ 12న ఆంధ్రప్రదేశ్‌లో మాజీ కార్మిక మంత్రి అచ్చెన్నాయుడిని అరెస్టు చేసింది. మందులు, పరికరాల కొనుగోళ్లలో 150 కోట్ల మేర అక్రమాలన్నది ఆరోపణ. ఇది కక్ష సాధింపు అన్నది ఆయన జవాబు. 2024లో ప్రభుత్వం మారింది. ఆయన మళ్లీ మంత్రి. ఎవరిది తప్పో కోర్టులు తేల్చాలి. తేల్చనివ్వండి. నా ప్రశ్న వేరే. వాళ్లు వీళ్లను తిట్టారు. వీళ్లు వాళ్లను తిట్టారు. టీవీల్లో గొంతులు బొంగురుపోయాయి. ఆ బొంగురు గొంతులకైనా డిస్పెన్సరీలో దగ్గు మందు దొరికేదా?

అసలు చిక్కు పునాదిలోనే ఉంది. 1948లోనే బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టింది. జబ్బు చేసిందా, రా అంది. ఉద్యోగముందా అని అడగలేదు. అదే ఏడాది మనం ఈఎస్ఐ చట్టం చేశాం. జబ్బు చేసిందా? సరే, నీ నంబరెంత? జీతమెంత? పది మందిలో ఎన్నోవాడివి? సీజనల్‌వా, పర్మనెంటువా? అనారోగ్య భత్యం కావాలా? ఆరు నెలల్లో 78 రోజుల చందా చూపించు. చూపిస్తే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజులు. కాగితం మీద బంగారం. మా వాడికి ఆ బంగారం అందాలంటే కాంట్రాక్టరు మధ్యలో మారకూడదు, కోసిన సొమ్ము కట్టకుండా జేబులో వేసుకోకూడదు, పాత నంబరు వదిలి కొత్త నంబరు అంటగట్టకూడదు. కాంట్రాక్టరు కట్టకపోతే ప్రధాన యజమానే కట్టాలని చట్టం. ఆ సంగతి గేటు దగ్గర సెక్యూరిటీకి వివరించమంటారా?

నలభై ఏళ్ల ఊపిరి

కొత్త కోడ్‌లు వచ్చిన వారం మా వాడికి ఫోన్ చేశాను. ‘ఒరేయ్, మంచి కబురు. ఇక మీకు ఏటా ఉచితంగా పరీక్షలట’ అన్నాను.

‘అవునా అన్నా? ఎప్పుడు రమ్మంటారు?’

‘నలభై దాటాలి.’

‘నాకు ముప్పై తొమ్మిదే.’

‘ఏడాది ఓపిక పట్టు మరి.’

కాసేపు దగ్గాడు. తర్వాత అడిగాడు. ‘ఆ సంగతి ఊపిరితిత్తులకు ఎట్టా చెప్పాలన్నా?’

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా? కోడ్ రాసినవాళ్ల దగ్గర?

ఆ ఆదివారం వాణ్ని ధనబోడుకు తీసుకెళ్లాను. స్తూపం దగ్గర ఎవరూ లేరు. ఇక్కడ దొరికిన శాసనాల గురించి చెప్పాను. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, సిద్ధార్థుడనే పనివాడు ఈ స్తూపానికి అయిదు ఆయక స్తంభాలు ఇచ్చాడు. రాజు కాదు, సేనాధిపతి కాదు. చేతిపని చేసుకునేవాడు. ఆ సంగతి రాతి మీద చెక్కారు. ఇచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, ఇచ్చింది ఎంత, ఎక్కడ, ఎప్పుడు. పదిహేడు వందల ఏళ్లయినా చెరగని రసీదు.

మా వాడు విన్నాడు. జేబులోంచి జీతం చీటీ తీశాడు. ఎండకు పట్టి చూశాడు. ఈఎస్ఐ వరసలో 120 ఉంది. కాంట్రాక్టరు పేరు అచ్చు సరిగా పడలేదు. నంబరులో చివరి మూడు అంకెలు చెమటకు కారిపోయాయి.

‘ఆయన రసీదు రాతి మీద ఉందన్నమాట’ అన్నాడు.

‘అవును.’

‘మరి డబ్బులు కురిపించే రాజు బొమ్మ ఉండేదన్నావే? అదేది?’

‘చెన్నై పోయింది.’

‘రిఫర్ చేశారా?’

నవ్వాడు. నవ్వు మధ్యలోనే దగ్గు తగులుకుంది. గుట్ట మీద కూలబడిపోయాడు. లేవడానికి చెయ్యి పైకెత్తాడు.

నేను పట్టుకున్నాను. పైనుంచి ఏమీ కురవలేదు.